అమ్మ గదిలో వేడి నేల

ఏప్రిల్ నెలలో యాంగోన్ కుక్కలు ఏం చేస్తాయో మీరెప్పుడైనా గమనించారా? మా వీధిలోవి మాత్రం పొద్దున్న తొమ్మిది దాటితే చాలు, మురిక్కాలువ పక్కన తడి సిమెంటు వెతుక్కుని, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు చాపి, పొట్ట నేలకు ఆనించి పడుకుంటాయి. అటువంటి ఊళ్ళో ఇంటి నేలకు కరెంటుతో వేడి పెట్టించిన మనిషిని నేను. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను కాబట్టి తెలివి రాలేదని సర్దిచెప్పుకుందామంటే, ఆ కుక్కలు అసలు బడి గుమ్మమే ఎక్కలేదు.

ఈ కుక్కల ముక్క చెప్పి మా మింగళ తౌంగ్‌న్యున్ పేట టీ దుకాణాల్లో చాలామందిని నవ్వించాను. దాని తర్వాతి ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ నేల మీద పోబోయింది మా అమ్మ కాలు.

మాది రైల్వే స్టేషను వెనక వీధిలో ఒక పాత మేడ కింది వాటా. రెండు గదులు, ఒక వంటిల్లు. ఉండేది ముగ్గురం: నేను, నా భార్య, అమ్మ. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చాడట. బస్తాలు అక్కడితో ఆగాయి గాని, మొయ్యడం మాకు రకరకాలుగా సంక్రమించింది. నేను వీధి మొదట్లో మెట్ల కింద ఒక బల్ల వేసుకుని రైస్ కుక్కర్లు, ఫ్యాన్లు బాగుచేస్తాను. ఈ పని సంగతి గుర్తుంచుకోండి. కాసేపట్లో నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

వానాకాలమంతా మా నేలకు చెమట పడుతుంది. కాలువ నిండితే నీళ్ళు గుమ్మం ఎక్కి రావడం ఒక ఎత్తు, గచ్చులోంచి ఊరి రావడం ఇంకో ఎత్తు. గచ్చు మీద పరిచిన ప్లాస్టిక్ షీటు అప్పడంలా పొంగేది. దాని మీద అడుగు వేస్తే కింద నీళ్ళు కితకితలు పెట్టినట్టు పక్కకు జరిగేవి. పోయిన వానల్లో వంటింటి గుమ్మం దగ్గర నా భార్య జారిపడి మోచెయ్యి వాచింది. ఆ వాపు తీసేలోపు ఇంట్లో తీర్మానం అయిపోయింది: వానలు వెనకబట్టగానే షీటు పీకించి టైల్స్ వేయించాలి. తీర్మానం ఆవిడది. నేను అప్పుడు ఇంట్లో ఉన్నాను, అంతే.

అమ్మకు టైల్స్ గిట్టలేదు. చల్లగా ఉంటాయంది. ఆమెకు కొన్నేళ్ళుగా కాళ్ళు చల్లబడుతున్నాయి. మేమంతా గంజిలో వేసిన గుడ్డల్లా తడిసిపోయే ఏప్రిల్లో కూడా ఆమె రెండు జతల మేజోళ్ళు వేసుకుని, మోకాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేది. షుగరు ఉంది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది, పెరుగన్నం తిన్న రోజు మానేసేది, ఆ లెక్కేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వయసు మీద పడితే రక్తం చల్లబడుతుందిలే అనుకున్నాం. నేనైతే, ఊళ్ళో అందరికీ ఫ్రిజ్‌లు కావాలి, మాకు అమ్మ కాళ్ళున్నాయి అని వీధిలో చెప్పి నవ్వించాను కూడా.

టైల్స్ చూడడానికి ముగ్గురం సంచౌంగ్ పేటకు వెళ్ళాం. అక్కడ బజారు వెనక ఒక పెద్దాయన దుకాణం ఉంది. ఆయన్ని నేను ఊలే అంటాను, బర్మా భాషలో బాబాయ్ అన్నట్టు. నా భార్య అద్దంలా మెరిసే తెల్లటివాటి దగ్గర ఆగిపోయింది. వాటిలో తన మొహం చూసుకుని జడ సర్దుకుంది కూడా. అమ్మ మాత్రం కళ్ళతో చూస్తే నేల సంగతి ఏం తెలుస్తుంది, కాలు పెట్టి చూడాలంది. న్యాయమే కదా. ఊలే నాలుగైదు రకాలు వరసగా నేల మీద పరిచాడు. అమ్మ చెప్పులు విడిచి, రెండు జతల మేజోళ్ళూ ఊడదీసి, పెళ్ళిలో అడుగులు వేసినట్టు ఒక్కొక్కదాని మీద నిలబడింది.

అన్నీ ఒకటేనంది. అన్నీ ఐసుగడ్డలేనంది.

వాటిలో ఒకటి స్నానాల గదికి వేసే గరుకు టైలు. ఇసక్కాగితంలా ఉంటుంది. దాని మీదా నిలబడింది, అద్దంలాంటి తెల్లటైలు మీదా నిలబడింది, తేడా ఏమీ లేదంది. నేను ఊలేతో, మా అమ్మ పాదాలు డెబ్భై ఏళ్ళుగా అరిగినవి, వాటికి మీ టైలు గరుకనిపించదు, మీ టైలుకే అవి గరుకనిపిస్తాయి అన్నాను. ఆయన నవ్వాడు. నా భార్య నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అక్కడ నిలబడిన నలుగురిలో ఒక్కరికి బుర్ర పనిచేసినా నేనిది రాయాల్సిన పని ఉండేది కాదు.

కాళ్ళ చలి సంగతి విని ఊలే నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ గోడకు చాపలా చుట్టి నిలబెట్టిన వస్తువు ఒకటుంది. సన్నటి వల మీద నారింజరంగు తీగ పాములా మెలికలు తిరిగి ఉంది. ఎవరో కొరియా వాళ్ళు ఇక్కడ ఇల్లు కట్టుకుని, అలవాటు మానలేక ఒక గదికి ఇది తెప్పించుకున్నారట. టైలు కింద పరిస్తే నేల వెచ్చబడుతుంది. వాళ్ళ దేశంలో చలికాలమంతా అలాంటి నేల మీదే కూర్చుంటారు, తింటారు, పడుకుంటారు. మిగిలిపోయిన ఈ చుట్టను ఈ ఊళ్ళో ఎవడికి అంటగట్టాలో తెలియక ఊలే అట్టే పెట్టుకున్నాడు. నన్ను చూడగానే వెతుకుతున్న మనిషి దొరికాడనుకుని ఉంటాడు.

నా భార్య అక్కడే చివాట్లు పెట్టింది. ఊరంతా ఏసీ కోసం ఏడుస్తుంటే నువ్వు నేలకు పొయ్యి పెడతావా అంది. నేను వెనక్కి తగ్గేవాణ్ణే. కాని అమ్మ ఆ చుట్ట మీద చెయ్యి వేసి, మా ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. నాకిది కావాలి అని ఆమె నోటితో అడగగా నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజూ అడగలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మేస్త్రీ నది అవతలి తన్లిన్ నుంచి వచ్చేవాడు. మా తెలుగువాళ్ళే. పొద్దున్నే వంతెన దాటి వచ్చే బస్సులో నిలబడి, సంచీలో తాపీ, క్యారేజీ పెట్టుకుని దిగేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అంటాను. మా గదికీ, వంటింటికీ తెల్లటైలు, అమ్మ గదికి మాత్రం మట్టిరంగుది అని చివరికి ఒప్పందం కుదిరింది. నా భార్య పంతమూ నెగ్గింది, అమ్మ కంటికీ గచ్చులా కనబడింది. అమ్మ గదిలో షీటు పీకి, గచ్చు చెక్కి, ఆ నారింజ తీగల చుట్ట విప్పి పరిచాక మేస్త్రీ దాని అంచు పొడవునా వేళ్ళతో తడుముకుంటూ పోయి ఒక మూల ఆగిపోయాడు.

"తమ్ముడూ, దీనికి ఇంకో సన్నతీగ ఉండాల. నేల ఎంత కాగినాదో మీటకి అదే సెప్తాది. ఇక్కడ తెగిపోనాది సూడు. అది నేకపోతే దీనికి ఆగడం తెల్దు" అన్నాడు.

ఇప్పుడు నన్ను తిట్టండి. రైస్ కుక్కరు అడుగున మధ్యలో ఒక బొత్తాం ఉంటుంది, స్ప్రింగుతో. అన్నం ఉడికి గిన్నె ఎంత వేడెక్కాలో అంత వేడెక్కగానే అదే టక్కుమని మీట పడేస్తుంది. అది చెడితే అన్నం బొగ్గవుతుంది. అలాంటి బొత్తాలు నా చేతుల మీదుగా ఎన్ని మార్చానో లెక్కలేదు. బొత్తాం లేకుండా కుక్కరు వాడతానన్నవాళ్ళను ఇల్లు తగలబెట్టుకుంటారా అని బల్ల దగ్గరే కసిరేవాణ్ణి. అటువంటి నేను మేస్త్రీతో ఏమన్నానో తెలుసా?

"ఆ తీగెందుకన్నా, మా అమ్మ ఉన్నాది కదా. నిప్పుల గుండం తొక్కిన మనిషి. ఎక్కువ కాగితే ఆవిడే సెప్తాది, నేను కట్టేస్తాను."

గుండం సంగతి మేస్త్రీకి తెలుసు. మా అమ్మవారి గుడి దగ్గర ఏటా పండక్కి నిప్పుల గుండం వేస్తారు. మొక్కున్నవాళ్ళు పసుపుబట్టలు కట్టుకుని, వేపమండలు పట్టుకుని ఆ నిప్పుల మీద నడుస్తారు. నేను పుట్టకముందు నుంచీ అమ్మ తొక్కుతోంది. నా చిన్నప్పుడు గబగబా నాలుగంగల్లో దాటి, అవతలున్న పాల మడుగులో దిగేది. ఈ మధ్య మూడు నాలుగేళ్ళుగా బజారుకు వెళ్ళినంత నిదానంగా నడుస్తోంది. జనం అది చూసి దణ్ణాలు పెట్టేవారు. అమ్మవారు చల్లబరిచిందిరా, నాకేమీ తెలియలేదు అని ఇంటికొచ్చి చెప్పేది. మాకదో గొప్ప. గుడి దగ్గర జనం నన్ను ఫలానావిడ కొడుకు అని చూపించేవారు. కుక్కర్లవాడు అనిపించుకోవడం కన్నా అది నయం కదా.

మేస్త్రీ నా హాస్యానికి నవ్వలేదు. ఇల్లు నీది, నేల నీది అని తాపీ తీసుకున్నాడు.

సిమెంటు ఆరాక తీగ కలపడం నేనే చేశాను. మీట వేసే రోజు వచ్చింది. నీళ్ళు ఊరే నేల. దాని కడుపులో కరెంటు. రబ్బరు చెప్పులు వేసుకుని, కొయ్యపీట మీద నిలబడి, వంటింటి చెక్కగరిటెతో మీట నొక్కాను. నా భార్య ముందే వీధిలోకి వెళ్ళిపోయి చెవులు మూసుకుంది. ఏమీ కాలేదు, చప్పుడు కూడా లేదు. పది నిమిషాలాగి బొటనవేలు ఆనించాను. తర్వాత ఒక పాదం. గోరువెచ్చగా ఉంది, పొదిగే కోడి కింద చెయ్యి పెట్టినట్టు. అప్పుడు పీట దిగి, వీధిలోకి పోయి అందరినీ పిలిచాను.

ఆ వారమంతా మా ఇల్లు మ్యూజియం. వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడి, ఆహా అని పోయేవారు. చూపించేవాణ్ణి నేను కాబట్టి నేనూ ఒక నిమిషమే నిలబడేవాణ్ణి. అమ్మ చాప పరుచుకుని పడుకుని, నడుముకు హాయిగా ఉందిరా అంది. వీపుకు హాయిగా ఉందంది. కాళ్ళకెలా ఉందని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

నేను భయపడలేదని అనకండి. రోజూ పొద్దున్న టెస్టరు పట్టుకుని ఆ గది టైల్స్ అన్నీ ఒక్కొక్కటే ముట్టించేవాణ్ణి, దీపం వెలుగుతుందేమోనని. వంటింట్లో బిందె ఒలికితే పరిగెత్తుకెళ్ళి తడి ఎందాకా పాకిందో చూసేవాణ్ణి. అమ్మ నీళ్ళచెంబు గదిలోకి తీసుకెళ్తే గుమ్మంలోనే అందుకునేవాణ్ణి. కావలసినంత భయపడ్డాను. కాకపోతే తప్పు వైపు చూసి భయపడ్డాను.

మా ఊరి కరెంటు కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తాడో చెప్పడు, వచ్చేసరికి మాత్రం అన్నీ సిద్ధంగా ఉండాలి. అందుకని కరెంటు పోతే ఇక్కడ ఎవరూ మీటలు కట్టెయ్యరు. నీళ్ళ పంపు మీట వేసే ఉంటుంది. బియ్యం కడిగి పోసిన కుక్కరు మీట నొక్కే ఉంటుంది. ఇంట్లో మనిషి లేకపోయినా, కరెంటు వచ్చిన క్షణంలో ఇల్లు దానంతటదే పనిలోకి దిగుతుంది. చిన్నప్పటి నుంచీ చేతికి పట్టిన అలవాటు. అమ్మ గది నేలకు పొద్దున్న ఒక గంట చాలని మేం నియమం పెట్టుకున్నాం. ఒకరోజు మీట వేసిన పది నిమిషాలకే కరెంటు పోయింది. నా భార్య బజారుకు, అక్కణ్ణుంచి చుట్టాలింటికి వెళ్ళింది. నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. మీట సంగతి ఎవరూ తలచలేదు.

పదకొండు గంటలకు, రావలసిన వేళ కాని వేళ, కరెంటు వచ్చింది. వీధంతా ఒక్కసారి హో అంది. నా బల్ల మీద ఫ్యాన్లన్నీ తిరిగాయి. కరెంటు ఉన్నప్పుడే కదా నాకు కుక్కర్లు పరీక్షించుకునే వీలు. వరసగా ఎనిమిదో తొమ్మిదో పెట్టుకుని కూర్చున్నాను. అన్నానికి కూడా లేవలేదు. ఆ రోజు అది మళ్ళీ పోలేదు కూడా. మా అదృష్టం పండిందని అందరం అనుకున్నాం.

నాలుగు గంటలకు ఇంటికొచ్చాను. గుమ్మంలోనే ఒక వాసన, ఎండలో మరిచిపోయిన తాటాకు చాప వాసన. అమ్మ తన గదిలో గోడకు చేరబడి, పీట మీద కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని పెసలు ఏరుతోంది. కాళ్ళు ముందుకు చాపి, పైన బొంత కప్పుకుంది. నేను లోపల అడుగు పెట్టి, తిరిగి గుమ్మం మీదికి గెంతాను. పెనం మీద కాలు వేసినట్టయింది.

అమ్మ తలెత్తింది. "ఏటిరా, గెంతుతున్నావు?"

నేల కాలిపోతోంది, లేవమన్నాను. ఆమె చుట్టూ చూసింది, ఎక్కడో పొగ వస్తోందన్నాననుకుని.

"ఎక్కడరా? నాకు బాగానే ఉన్నాది కదా."

ఈ ఊళ్ళో ఈ కొన్నేళ్ళలో భయపెట్టే తుపాకి చప్పుళ్ళు మేం చాలా విన్నాం. తలుపులు వేసుకుని దీపాలు తగ్గించుకుని కూర్చున్న సాయంత్రాలున్నాయి. కాని పెసలు ఏరుకుంటూ ఆమె మెల్లగా అన్న ఆ ఒక్క మాట విన్నప్పుడు పట్టిన చలి నాకు ఎప్పుడూ పట్టలేదు.

మీట కట్టేసి, చెప్పులతోనే లోపలికి వెళ్ళి ఆమెను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి బొంత తీసి, మేజోళ్ళు ఊడదీశాను. బొంత కప్పి ఉన్నచోట నేల మీద చెయ్యి ఆనించలేకపోయాను. కుడి మడమ మీద కోడిగుడ్డంత పొక్కు. బొటనవేలి కింద ఇంకొకటి. చుట్టూ చర్మం తెల్లగా, ఉడికినట్టుంది. అమ్మ వంగి, ఎవరిదో కాలు చూసినట్టు చూసింది. ఇది ఎప్పుడైంది అని నన్నే అడిగింది. మధ్యాహ్నం చాప మీద పడుకుంటే నడుము మండిందట, సరేనని పీట వేసుకుందట. వీపు చెప్పింది, నడుము చెప్పింది, వాటి మాట వింది. కాళ్ళు ఏమీ చెప్పలేదు కాబట్టి వాటిని అక్కడే ఉంచింది.

చల్లటి నీళ్ళు పోసి, తడిగుడ్డ కప్పి, రెండు వీధుల అవతల ఉన్న డాక్టరమ్మ దగ్గరికి సైక్కాలో తీసుకెళ్ళాను. సైక్కా అంటే సైకిలుకు పక్కన కుర్చీ కట్టిన బండి. డాక్టరమ్మ బర్మావిడ, చిన్న వయసు. పొక్కులు చూసి, శుభ్రం చేసి కట్టు కట్టాక, రెండో కాలు కూడా చూస్తానంది. ఒక పుల్ల చివర గట్టి నైలాను పోగు ఉన్న పరికరం తీసింది. అమ్మను కళ్ళు మూసుకోమని, పోగు తగిలినప్పుడల్లా ఊఁ అనమంది.

నేను పక్కన నిలబడి చూస్తున్నాను. బొటనవేలి మీద పోగు ఆనించి వంగేదాకా నొక్కింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పరీక్షలో పిల్లలా శ్రద్ధగా కూర్చుంది. చిటికెన వేలు. వేళ్ళ కింద మెత్తటి చోటు. అరికాలి మధ్య. మడమ. ఒక్కోచోటా పోగు వంగుతోంది, డాక్టరమ్మ అమ్మ మొహంలోకి చూస్తోంది, అమ్మ ఊఁ అనడం లేదు. పాదమంతా అయిపోయింది. డాక్టరమ్మ పోగు కింద పెట్టేసింది. అమ్మ కళ్ళు తెరవకుండానే తెలుగులో నన్నడిగింది.

"ఇంకా మొదలెట్టనేదేటిరా?"

డాక్టరమ్మ ఆమె ఏమందని నన్నడిగింది.

పాదాల్లో నరాలు చచ్చిపోయాయని, షుగరు వల్లనని, ఒక రోజులో కాలేదని, ఏళ్ళు పట్టి ఉంటుందని ఆవిడ చెప్పింది. చల్లగా అనిపించడం కూడా ఆ జబ్బు లక్షణమేనట. పుండు ఎముకదాకా పోతే కాలు దక్కదంది. కట్టుకు పైన కాలు ఎర్రబడినంత మేరా నీలం పెన్నుతో చుట్టూ గీత గీసింది. ఎరుపు ఆ గీత దాటితే ఆ నిమిషమే రమ్మంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను సైక్కా పక్కన నడుస్తున్నాను. స్టేషను గోడ మలుపు తిరిగాక, ముందుకు చూస్తూనే అమ్మ అంది.

"అయితే గుండం కాడ సల్లబరిసింది అమ్మోరు కాదన్నమాట."

ప్రతి మాటకూ పక్కమాట ఉన్న నోరు నాది. ఆ మాటకు మాత్రం ఇల్లు చేరేదాకా సైక్కా చక్రం చూస్తూ నడిచాను.

తర్వాత రోజులన్నీ ఆ నీలం గీత రోజులు. పొద్దున్నే మంచం గుమ్మం దగ్గరికి లాగి, వెలుగులో ఆ కాలు ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. ముందు గీత చూసేవాణ్ణి, తర్వాతే గుడ్డ విప్పేవాణ్ణి. విప్పిన గుడ్డను, పుండు కుళ్ళుతోందేమోనని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడమని డాక్టరమ్మ చెప్పింది. మొదటిసారి నాకు చేతకాలేదు, నా భార్య చూసింది. అమ్మ కాలును ఎలా పట్టుకున్నా, గుడ్డ పుండుకు అంటుకుని రేగినా ఆమెకు నొప్పి లేదు. అమ్మా అని ఒక్కసారి అరిస్తే బాగుండునని కోరుకుంటూ కట్టు విప్పిన కొడుకు ఎక్కడైనా ఉన్నాడో లేదో నాకు తెలియదు. బల్ల దగ్గరికి వెళ్ళడం మానేశాను. వీధిలో ఎవరైనా వేడినేల ఎలా ఉంది అని నవ్వుతూ అడిగితే తల ఊపి పోయేవాణ్ణి.

ఆరో రోజు ఎరుపు గీత దాటింది. చీలమండ పక్కన, బియ్యపుగింజంత. నేను చూశాను, నా భార్య చూసింది. ఎండ వల్ల అలా కనిపిస్తోందేమోనని మంచం అటు తిప్పాం, ఇటు తిప్పాం. అమ్మ మా ఇద్దరినీ చూసి, దాటినాదా అని అడిగింది. దాటిందన్నాను.

డాక్టరమ్మ సూది వేసింది, మందు మార్చింది. రెండు రోజులు చూద్దామంది. తగ్గకపోతే పెద్దాసుపత్రికి అంది. అక్కడ ఏం చేస్తారని నేను అడగలేదు. నా భార్య అడిగింది. ఎక్కడిదాకా తీస్తారని కూడా అడిగింది. డాక్టరమ్మ చీలమండకు పైన చేత్తో చూపించింది. అమ్మకు బర్మా మాట రాకపోతే బాగుండునని అప్పుడు అనుకున్నాను గాని, చేత్తో చూపిస్తే ఏ భాషైతే ఏం.

ఆ రెండు రోజులూ నేను చేసిందల్లా ఆ కాలి ఎదురుగా కూర్చోవడం. ఏం చెయ్యాలో తోచక గీత మీద అరిగినచోట పెన్నుతో మళ్ళీ దిద్దాను, అదే చోట, వెంట్రుకవాసి జరక్కుండా. కొంచెం బయటికి గీస్తే ఎరుపు లోపలే ఉన్నట్టుంటుంది కదా అని ఒక క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే భయం వేసింది. మూడో రోజు పొద్దున్న కాలు వెలుగులో పెట్టుకుంటే గీతకూ ఎరుపుకూ మధ్య సన్నటి మామూలు చర్మం కనిపించింది. నమ్మకం కలగక నా భార్యను పిలిచాను. ఆవిడ చూసి, వంటింట్లోకి పోయి బిందె కడగడం మొదలుపెట్టింది. అది పొద్దున్నే కడిగిన బిందె.

పుండు మానడానికి వారాలు పట్టింది. ఆ మధ్యలో మేస్త్రీ ఒకరోజు కబురందుకుని తన్లిన్ నుంచి వచ్చాడు. టైల్స్ అన్నీ పగలగొట్టి ఆ తీగ మొత్తం పీకెయ్యమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. తీగది తప్పయితే టైలెందుకు పగలాలి అంది. మేస్త్రీ గోడ దగ్గర తీగ కత్తిరించి, మీట ఊడదీసి, ఆ కన్నంలో సిమెంటు కూరాడు. సన్నతీగ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. చేతులు కడుక్కుని, అమ్మ మంచం పక్కన కాసేపు కూర్చుని, బస్సు వేళకు వెళ్ళిపోయాడు.

పై చర్మం కట్టిందని, కాలు దక్కినట్టేనని డాక్టరమ్మ చెప్పిన రోజు, ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదంది. రోజూ అద్దంలో అరికాళ్ళు చూసుకోవాలంది. గుండం మాటెత్తితే ఆవిడే వచ్చి మంచానికి కడతానంది. దానికి అమ్మే నవ్వింది. ఇంటికొచ్చి అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని అద్దం అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. నాకు చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది. గుమ్మంలో నిలబడి అన్నాను:

"నీ కాళ్ళు నీతో మాటాడ్డం మానీసినాయి, సరే. మద్దేన్నం కాణ్ణించి ఆ పెనం మీదే కూకున్నావు కదే అమ్మా, ఒక్కపాలి సెయ్యి పెట్టి సూసుకోనేకపోయావా?"

అమ్మ అద్దం దించలేదు.

"నా కాళ్ళకి తెల్దురా. నీ కాళ్ళు బాగానే ఉన్నాయి కదా. ఆ నేల ఏసిన కాణ్ణించి నా గదిలో పావుగంట ఎప్పుడైనా కూకున్నావేటి?"